సగం అట్ట, పసుపు గిన్నె

మదనపల్లెలో మా పట్టుచీరల అంగట్లో గల్లాపెట్టె కంటే విలువైన పెట్టె ఒకటి ఉండేది. అందులో డబ్బుండదు, బంగారముండదు. చీరల పెట్టెల మూతల నుంచి చింపిన అట్టముక్కలు ఉండేవి, అన్నీ సగం సగమే. నేను కొత్తకోడలిగా వెళ్లిన మొదటి వారంలోనే ఆ పెట్టె తుడవబోయి, ఎవరో పిల్లలు చింపి పడేసిన చెత్త అనుకొని చేటలోకి ఒంపాను. మా అత్త పూజ మధ్యలో లేచి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో తల్లీ, అది పారబోస్తే మనింట్లో పొయ్యి ఎలగదు!"

చేటలో ఉన్న ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి, తుడిచి, మళ్లీ పెట్టెలో పెట్టాను. ఆ పని చేస్తుండగానే అత్త సంగతి చెప్పింది. ఏ ఇంటివాళ్లయినా మా దగ్గర మూడు పెళ్లిళ్లకు బట్టలు తీస్తే వాళ్లు మాకు కావలసినవాళ్లు అయినట్టే. అప్పుడు మా మామ ఒక చీరపెట్టె మూత తెప్పించి, కత్తెర పెట్టకుండా చేతులతో వంకరటింకరగా రెండుగా చింపేవారు. ఒక సగం వాళ్లకు, ఒక సగం మా పెట్టెలోకి. ఆ తర్వాత ఆ ఇంటి నుంచి ఎవరు తమ సగం పట్టుకొచ్చినా, దాన్ని మా సగానికి ఆనించి చూడాలి. అంచులు కలిస్తే అడిగిన చీరలు ఇచ్చి పంపాలి. పంట చేతికి వచ్చాక ఇంటి పెద్ద తానే వచ్చి బాకీ తీర్చేవాడు. పెద్దపంజాణి తట్టు నుంచి, రామసముద్రం నుంచి, కలకడ దాకా మా అట్టలు పోయి ఉండేవి. ఏ అట్ట ఎవరిదో తెలియాలని మామ రెండు సగాల వెనుకా ఊరి పేరు, ఇంటి పేరు రాసి, కింద మా అంగడి ముద్ర వేసేవారు.

ఇప్పటి పిల్లలు క్రెడిట్ కార్డు అంటే నిన్న మొన్న పుట్టింది అనుకుంటారు. మా మామ డెబ్బైలలోనే ఇచ్చేవారు, అదీ చీరల పెట్టె మూతతో.

ఆ పద్ధతిలో ఒక కట్టు ఉండేది. అట్ట తెచ్చినవాణ్ణి నువ్వెవరు, ఏమవుతావు అని అడగకూడదు. అడిగితే పంపిన ఇంటిని నమ్మనట్టు. "అట్ట మాట్లాడతాది, మనం మాట్లాడకూడదు" అనేవారు మామ. అది ఆయనకు వ్యాపారం కాదు, మర్యాద. ఆ మర్యాద గురించి చెప్పేటప్పుడు ఆయన వీపు నిటారుగా అయ్యేది.

నాకు మాత్రం అది మింగుడు పడేది కాదు. నేను పుట్టింది కుప్పంలో. మా నాయనకు అక్కడ తాళ్లు, బొక్కెనల అంగడి. ఒక తట్టు తమిళం, ఒక తట్టు కన్నడం, మధ్యలో మా తెలుగు. రైలు దిగి వచ్చేవాడు ఏ రాష్ట్రం వాడో వాడు నోరు విప్పేదాకా తెలియదు. అందుకని అక్కడ ఎవరొచ్చినా ముందు అడగడమే. జానెడు తాడు కొనడానికి వచ్చినవాణ్ణి కూడా మా నాయన "యా ఊరప్పా? మీ బాయి ఎన్ని మట్ల లోతు?" అని అడిగేవాడు. తన బావి ఎంత లోతో చెప్పలేనివాడికి తాడుతో ఏం పనో మా నాయనకు అర్థమయ్యేది కాదు. అరువు సంగతి దేవుడెరుగు, రొక్కానికి కూడా ఇచ్చేవాడు కాదు. పుట్టింట్లో అడగడం మర్యాద, మెట్టినింట్లో అడగకపోవడం మర్యాద. మధ్యలో నలిగింది నా నోరు.

నలగడమంటే ఊరికే కాదు. పెళ్లయిన ఏడాదికే ఒకసారి అట్ట తెచ్చిన మనిషిని, కుప్పం అలవాటున, "ఎవరింటోళ్లప్పా మీరు?" అని అడిగేశాను. ఆయన ఏమీ అనుకోలేదు. మామ మాత్రం ఆ పూట ఇంట్లో అన్నం తినలేదు. కోపం చూపే మనిషి కాదు ఆయన. విస్తరి ముందు నుంచి లేచిపోయారు, అంతే. తిట్టినా బాగుండును. ఆ రోజు నుంచి అంగట్లో నా పని గుమ్మం లోపలి తట్టు కూర్చొని, చూపించిన చీరల మడతలు మళ్లీ పెట్టడం. చేతులు బయటి పని, నోరు లోపలి పని.

ఇక ఆ మాఘమాసం సంగతి. పెళ్లిళ్ల కాలం. మధ్యాహ్నం భోజనాల వేళకు ఒకాయన వచ్చాడు. తెల్లపంచె, ఇస్త్రీ చొక్కా, భుజాన కండువా. నవ్వితే ఒక పంటికి బంగారు తొడుగు మెరిసేది. కూర్చుంటూనే సగం అట్ట తీసి మామ చేతిలో పెట్టాడు.

"పెద్దాయన పంపినాడు. ఇంట్లో పెండ్లి పెట్టుకునుండారు. నేను ఆయన బామ్మర్దిని."

అట్ట పెద్దపంజాణి దగ్గరి ఒక పల్లె రైతుది. ఆయన మాకు ఎంతో కాలంగా తెలిసినవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు, అన్నమాట తప్పేవాడు కాదు. మామ మా సగం వెతికి తీసి, రెండూ చీరలు పరిచే పరుపు మీద పక్కపక్కన పెట్టి దగ్గరికి జరిపారు. అంచులు ఇట్టే కలిసిపోయాయి.

"సూసినావా, ఎంట్రుక గూడా దూరదు" అన్నారు మా ఆయనతో. తాను చింపిన అట్ట మీద ఆయనకు అంత గర్వం.

మా ఆయన చీరలు తీయడం మొదలుపెట్టాడు. మా వైపు పెళ్లిబట్టలకు వచ్చినవాళ్లు మొట్టమొదట తలంబ్రాల చీర తీస్తారు. దాని చెంగు మూలకు పసుపు పెట్టాకే రెండో చీర మడత విప్పుతారు. ఎంత మొరటు రైతయినా సరే, ఆడవాళ్లు వెంట లేకపోతే తానే వేలు ముంచి పెడతాడు. ఎవరూ నేర్పరు, ఎవరూ చెప్పరు, అన్నానికి ముందు చెయ్యి కడుక్కున్నట్టే అది. అందుకని అంగట్లో ఒక ఇత్తడి పసుపు గిన్నె ఎప్పుడూ తయారుగా ఉండేది. ఆ రోజూ నేనే తెచ్చి పరుపు అంచున పెట్టాను.

ఆ మనిషి ఒక ఎర్రచీర ఎంచాడు. వెంటనే ఇంకొకటి చూపించమన్నాడు. రెండో చీర పరచడానికి చోటు చాలకపోతే, మంచినీళ్ల లోటాను జరిపినట్టు, వెనుక చేత్తో పసుపు గిన్నెను పక్కకు నెట్టాడు.

నేను చూశాను. నోటిదాకా వచ్చింది, "ఎవరికప్పా పెండ్లి, పిల్లది యా ఊరు?" అని. మామ వదిలేసి లేచిపోయిన విస్తరి కళ్లముందు కదిలింది. నోరు మూసుకొని మడతలు పెట్టాను. మా ఆయన చీరల తొందరలో ఉన్నాడు. మామ చూపు అట్ట మీదే ఉంది. పదకొండు చీరలు కట్టి, పైన తాంబూలం పెట్టి, మామ ఆయన్ను గుమ్మం దాకా సాగనంపారు.

తర్వాత రెండు నెలల్లో మామ ఒకసారి, "వాళ్లింటి శుభలేఖ రాలేదే" అన్నారు. పెండ్లి పనుల్లో మరిచిపోయి ఉంటారులే అని తనకు తానే సర్ది చెప్పుకున్నారు. నేను అప్పుడూ ఏమీ అనలేదు. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

వైశాఖంలో ఒక పొద్దున ఆ రైతు భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. వచ్చి పరుపు మీద కూర్చోలేదు, గుమ్మం దగ్గర బల్ల అంచున కూర్చున్నాడు. తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అన్నా, ఒక తప్పు జరిగింది" అన్నాడు మామతో. "మీరిచ్చిన అట్ట పోగొట్టుకున్నా. పుంగనూరు సంతకు పోయినపుడు ఆకువక్క తిత్తి యాడనో జారిపాయ. అట్ట దాంట్లోనే ఉండె. నాలుగైదు నెలలాయ. సెప్పేదానికి సిగ్గయ్యి రాలేదు. ఇప్పుడు పెద్దోడికి పెండ్లి కుదిరింది, రాక తప్పలేదు."

మామ నవ్వారు, ఇంకా ఏమీ అర్థం కాక. "పెండ్లి ఇప్పుడేందప్పా? మాఘంలోనే మీ బామ్మర్ది వచ్చి పదకొండు చీరలు తీసకపాయ గదా."

రైతు తన భార్య వైపు చూశాడు. మళ్లీ మామ వైపు చూశాడు.

"నాకు బామ్మర్ది యాడుండాడన్నా? మా ఇంటిది ఒక్కతే బిడ్డ."

మామ లేచి పెట్టె తెచ్చి, వాళ్ల ఇంటి సగం అట్ట తీసి చేతిలో పట్టుకొని నిలబడ్డారు. వెనుక ఊరి పేరు, ఇంటి పేరు ఆయన చేతిరాతలోనే ఉన్నాయి, కింద మా అంగడి ముద్ర. సంతలో తిత్తి దొరికినవాడికి ఏ అంగడికి పోవాలో, ఎవరి పేరు చెప్పాలో మేమే రాసి ఇచ్చామని అప్పుడు అర్థమైంది.

రైతు తలగుడ్డ మళ్లీ చుట్టుకున్నాడు, ఏదో తేల్చుకున్నవాడిలా.

"మాటంటే మాటన్నా. అట్ట నా ఇంటిది, పోగొట్టుకుంది నేను. ఎద్దులుండాయి. వచ్చే సంతకు తోలేస్తా."

"వాన పడితే దేంతో దున్నుతావు?" అంది ఆయన భార్య. వాళ్ల బావి ఎండిపోయిందని మాకు తెలుసు. వాన మీద బతికే మెట్టపొలం వాళ్లది. తొలకరి వాన పడిన రెండు మూడు రోజుల్లో దున్నుకోకపోతే ఆ ఏడాదికి చెనిక్కాయ పంట లేనట్టే. ఎద్దులు లేని మెట్టరైతు ఇంకొకరి పొలంలో కూలికి పోవాలి.

"నువ్వు ఊరుకో" అన్నాడు ఆయన.

మామ ఏమీ అనలేదు. కట్టు ప్రకారం రైతు చెప్పిందే న్యాయం. అట్ట కలిసింది, కాబట్టి బాకీ ఆ ఇంటిది. ఆయన ఊ అంటే ఎద్దులు పోతాయి. కాదంటే తన బతుకంతా పట్టుకొచ్చిన కట్టు తప్పని నలుగురిలో ఒప్పుకోవాలి. ఆయనది చెడ్డ మనసు కాదు. కానీ ఆ మౌనం ఇంకొంచెం సాగితే అదే ఒప్పుకోలు అయిపోతుందని నాకు భయమేసింది. ఎద్దులు పోవడానికి ఆయన మౌనం ఎంత కారణమో, నా మౌనం అంతే కారణం. గుమ్మం దాటి బయటికొచ్చాను.

"మామా, ఆ పొద్దు ఆ మనిషి పసుపు పెట్టలేదు. గిన్నె పక్కకు నెట్టేసి రెండో చీర విప్పించుకున్నాడు. నేను సూసినా."

"నిన్నెవరడిగినారు?" అన్నాడు మా ఆయన.

"ఎవరూ అడగలేదు. అదే గదా తప్పు! ఈ అంగట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు."

మామ నా వైపు తిరిగారు.

"పెండ్లిబట్టలకు వచ్చినోడు పసుపు పెట్టలేదా?"

"లేదు మామా."

"యాల సెప్పలేదమ్మా?"

"సెప్పనిచ్చే ఇల్లయితే సెప్పింటా" అన్నాను. అని, అందరి ముందే ఏడ్చేశాను. కోపం సగం, భయం సగం.

మామ లోపలికి వెళ్లారు. కుండలో నీళ్లు ముంచుకొని తాగిన చప్పుడు వినపడింది. బయటికొచ్చి, బల్ల మీద రైతు పక్కన కూర్చున్నారు. ఆయన ఆ బల్ల మీద కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. అది కొనేవాళ్ల బల్ల.

"ఎద్దుల జోలికి పోవద్దప్పా. అట్టను సూసి మనిషిని సూడనిది నేను. ఆ పదకొండు చీరలు నా తల మీదివి."

"అట్లెట్లన్నా? పోయిన పొద్దే వచ్చి సెప్పింటే ఇంత కాదు గదా. సెప్పనిది నా తప్పు."

"అడగనిది నాది."

మా అంగట్లో బేరమంటే ఎప్పుడూ తగ్గించుకోవడానికే. ఆ పొద్దు మాత్రం ఇద్దరూ నష్టాన్ని తమ వైపు లాక్కోవడానికి బేరమాడుకున్నారు. ఆయన సగం అంటాడు, ఈయన సున్నా అంటారు. చివరికి ఒక్క చీర రైతు తల మీద వేసుకున్నాడు, సిగ్గుపడి చెప్పకుండా దాచినందుకు. పది మావి. మా అత్త ఆ సంవత్సరం చేయించుకోవాలనుకున్న గాజుల ఊసు మళ్లీ ఎత్తలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు.

ఆ రోజే వాళ్లు అసలు పెండ్లికి చీరలు తీశారు. రైతు భార్య ఎర్రచీర ఒకటి ఎంచి, నేను గిన్నె తెచ్చేలోపే "పసుపు, పసుపు" అని చెయ్యి చాచింది. ఆ చెయ్యి చూడగానే నాకు మళ్లీ ఏడుపొచ్చింది. ఆమె నా తల నిమిరి, "ఊరుకో అమ్మా, దున్నేదానికి ఎద్దులుండాయిలే" అంది.

మా ఆయన పుంగనూరుకు పోయి సంతంతా విచారించాడు. బంగారు పన్ను మనిషి ఒకడు పట్టుచీరలు చవగ్గా అమ్మి, కోలారు బస్సెక్కాడని ఎవరో చెప్పారు. అంతకు మించి ఏమీ తెలియలేదు. కొన్నాళ్లు ఎర్ర పట్టుచీర ఎవరు కట్టుకున్నా అంచు వైపు దొంగచూపు చూసేదాన్ని. తర్వాత ఆ పిచ్చి వదిలింది.

మరుసటి రోజు పొద్దున మామ నన్ను పిలిచి, పరుపు మీద తన పక్కన చోటు చూపించారు.

"ఇంక నువ్వు అడుగు. నాకు నోరు రాదు."

ఆయన అన్న ఆ రెండు మాటలకూ ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు. అందుకే ఆయన మర్యాదకు మచ్చ రాకుండా అడగాలనుకున్నాను. పోలీసులా అడగలేదు. అట్ట తెచ్చినవాళ్లకు ముందు మజ్జిగ ఇచ్చేదాన్ని. తాగుతూ ఉండగా, వానలు పడినాయా, ఏం వేసినారు, పెండ్లి ఎవరికి, పిల్లది యా ఊరు, ముసలమ్మ మోకాళ్లు ఎట్లుండాయి అని కుశలం అడిగేదాన్ని. నిజంగా ఆ ఇంటివాళ్లయితే మనం అడిగేదాకా ఆగరు, వాళ్లే ముసలమ్మ మోకాళ్ల మీద పురాణం విప్పుతారు. ఆ ఇంటివాడు కానివాడికి మజ్జిగ గొంతు దిగదు. పసుపు గిన్నె సరేసరి. మామ పక్కనే కూర్చొని అంతా వినేవారు. కొన్నాళ్లకు ఆయనే, "నువ్వు అడిగేది బాగుండాదమ్మా. మర్యాదగానే ఉండాది" అన్నారు. నాకు పట్టుచీర పెట్టినంత సంతోషమైంది.

ఊరి పేరు, ఇంటి పేరు ఇక వాళ్ల సగం మీద రాయలేదు, మా సగం మీదే రాశాం. అన్ని ఇళ్లకూ కబురు పంపాం. అట్ట పోతే సిగ్గుపడొద్దు, వచ్చే మొదటి బస్సు కండక్టరుతో చెప్పి పంపండి, ఆ రోజు నుంచి ఆ అట్ట చెల్లదు, మీ మీద పైసా పడదు అని. ఒకసారి రామసముద్రం బస్సు కండక్టరు పరుగున వచ్చి ఒక ఇంటివాళ్ల అట్ట పోయిందన్నాడు. మేము హడావుడిగా మా సగం తీసి పక్కన పెట్టాం. మరుసటి రోజు అదే కండక్టరు, అట్ట మంచం కింద దొరికిందని వచ్చాడు. మూడోనాడు, అది వేరే అట్టట అని వచ్చాడు. "మీ అట్టలకు నాకు జీతమియ్యండి" అని మా మజ్జిగ రెండు లోటాలు తాగి పోయాడు.

ఎనభైలు చివరికొచ్చేసరికి అట్టలు తగ్గిపోయాయి. రొక్కంతో కొనేవాళ్లు పెరిగారు. హార్స్‌లీ హిల్స్‌కు వచ్చే బెంగుళూరువాళ్లు దారిలో మా అంగట్లోకి వచ్చేవాళ్లు. అప్పుడే ఒక రోజు బ్యాంకు నుంచి ఒక కుర్ర ఉద్యోగి వచ్చి ఇనుప యంత్రం ఒకటి పెట్టాడు. అందులో ప్లాస్టిక్ కార్డు పెట్టి, మీద చీటీ పరిచి, పైన ఉన్న పిడిని ఇస్త్రీపెట్టెలా అటూ ఇటూ లాగాలి. కార్డు మీది అంకెలు కార్బన్ కాగితం మీదుగా చీటీలో అచ్చవుతాయి. దాని మీద కొన్నవాళ్లు సంతకం పెడితే బ్యాంకు మాకు డబ్బిస్తుంది.

మామకు అప్పటికి చూపు తగ్గింది. కార్డు తడిమి చూసి, "ఇది మన అట్టే గదప్పా. రెండో సగం యాడుండాది?" అన్నారు.

"బ్యాంకులో ఉందనుకోండి తాతా" అన్నాడు ఆ కుర్రాడు.

అతను చాలాసేపు కూర్చొని జాగ్రత్తలు చెప్పాడు. కార్డు వెనుక ఉన్న సంతకం, చీటీ మీద పెట్టిన సంతకం పక్కపక్కన పెట్టి చూడాలి. గడువు తేదీ చూడాలి. పోయిన కార్డుల నంబర్లు బ్యాంకు ఒక పుస్తకంలో అచ్చేసి పంపుతుంది, అది చూడకుండా లాగకూడదు. పెద్ద మొత్తమైతే టెలిఫోన్ చేసి అడగాలి. వాడిన కార్బన్ కాగితం చింపి పారేయాలి, దాని మీద నంబరు చదివి దొంగలు వాడుకుంటారు. కార్డు ఎవరిదో వాళ్లే రావాలి, వేరేవాళ్ల చేతికిచ్చి పంపితే తీసుకోకూడదు.

"అర్థమైందా అండీ?" అని నన్ను అడిగాడు.

అర్థం కాకేం నాయనా! పోయిందని చెప్పడం, పేరు దొంగ చేతికి దొరకనివ్వకపోవడం, అట్టను కాక మనిషిని చూడడం. అతను మధ్యాహ్నమంతా కూర్చొని చెప్పింది మాకు పది పట్టుచీరలు ఖర్చు పెట్టి నేర్చుకున్నదే. అతనికి కూడా మజ్జిగ ఇచ్చాను.

ఆ యంత్రం వచ్చాక ఒక బెంగుళూరు ఆవిడ సంతకం కార్డు మీది దానితో కలవలేదు. మళ్లీ పెట్టమంటే ఆవిడకు కోపమొచ్చింది. నేను కాఫీ తెప్పించి, ప్రయాణం గురించి, పిల్లల గురించి అడిగాను. కాఫీ అయ్యేసరికి ఆవిడే, కారులో ఇంత దూరం వచ్చి చెయ్యి తిమ్మిరెక్కిందని నవ్వి, నిదానంగా ఇంకో సంతకం పెట్టింది. కలిసింది. పోతూ పోతూ, "నా కార్డు దొంగ చేతిలో పడినా మీరు ఊరుకోరన్నమాట" అని థాంక్స్ చెప్పింది. అడిగితే జనం పోరు. బాగా అడిగితే మళ్లీ వస్తారు.

ఇది జరిగిన కొన్నాళ్లకే పెద్దపంజాణి రైతు వచ్చాడు, ఒక్కడే. తల నెరిసిపోయింది. భార్యకు కాళ్లనొప్పులు, బస్సెక్కలేదట. మామ పక్కన కూర్చొని, నడుముకు దోపుకున్న ఆకువక్క తిత్తి తీసి, అందులోంచి మెరిసే ప్లాస్టిక్ కార్డు ఒకటి బయటికి తీశాడు. మామిచ్చిన అట్టను ఇచ్చినట్టే రెండు చేతులతో నాకిచ్చాడు.

"చిన్నోడికి పెండ్లమ్మా. బెంగుళూరులో ఆఫీసరు గదా, లీవు దొరకలేదు. ఈ అట్ట ఇచ్చి పంపినాడు. వాళ్ల అట్ట లాంటిదే నాయనా, సూపిస్తే ఇస్తారు, నువ్వు రూపాయి తీయొద్దు అన్నాడు."

ఆ ముఖంలో వెలుగు చూడాలి. మెట్టపొలం దున్ని చదివించిన కొడుకు, తండ్రి చేతికి డబ్బు అక్కర్లేని అట్ట ఇచ్చి పంపాడు. మా ఆయన నా చెవి దగ్గర, "మనోళ్లే గదా. ఆయన్నే ఒక సంతకం గీకమను, లాగేస్తా" అన్నాడు.

నా చేతులు ఆగిపోయాయి. ఎదురుగా ఉన్నది దొంగ కాదు, నా కళ్ల ముందు ఎద్దుల్ని పోగొట్టుకోబోయిన మనిషి. ఈయనకు వద్దని చెప్పాలి. చెప్పకపోతే నేనూ అట్టను చూసి ఊరుకున్నట్టే. మోమాటపడి ఒకసారి ఊరుకుంటే ఏమవుతుందో ఈ లోకంలో మా ఇద్దరికంటే బాగా ఎవరికీ తెలియదు.

"అప్పా, ఈ అట్ట నేను తీసుకోను" అన్నాను.

ఆయన ముఖం వాడిపోయింది. వైశాఖంలో ఆ పొద్దు చూసిన ముఖమే.

"నన్ను నమ్మవా అమ్మా?"

"మిమ్మల్ని నమ్ముతా. అట్టనే నమ్మను. ఇది మీ కొడుకుది. ఆయనే వచ్చి సంతకం పెట్టాల. ఇంకొకరి చేతిలో ఉంటే, ఆ చెయ్యి మా నాయనదైనా నేను ముట్టను. అయినా మీకు అట్ట యాలప్పా? మీరే వచ్చినారు గదా. మీకు కావాల్సిన చీరలన్నీ తీసకపోండి. పిల్లోడు వచ్చినపుడు ఇస్తాడు."

పక్కన మామ తల వంచుకొని వింటున్నారు.

"ఆ పొద్దు ఆ నాకొడుకుతో ఈ మాటే అనింటే ఎంత బాగుండునమ్మా!" అన్నాడు రైతు.

"అనలేకపోయినా అప్పా. అందుకే ఈ పొద్దు మీతో అంటాండా."

ముందు మామ నవ్వారు. తర్వాత ఆయన నవ్వాడు. కార్డు తిరిగిచ్చి, "ఇది మళ్లీ తిత్తిలో పెట్టొద్దు. ఈసారి సంతలో జారిపోతే బస్సు కండక్టరు సాలడు, బెంగుళూరికి టెలిఫోన్ చేయాల" అన్నాను. నవ్వుతూనే చొక్కా లోపలి జేబులో పెట్టుకొని, పైన చేత్తో తట్టి చూసుకున్నాడు.

మా ఆయన చీరలు పరిచాడు. పెద్దాయన కళ్లకు దగ్గరగా పెట్టుకొని ఒక్కొక్కటీ చూసి, అరచేతి వెడల్పు జరీ అంచున్న ఎర్రచీర ఒకటి ఎంచాడు. మా ఆయన రెండోది విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండప్పా. పసుపు గిన్నె యాడమ్మా?"

లేచి తెచ్చి ఆయన ముందు పెట్టాను. వేలు ముంచి, చెంగు మూలకు పసుపు పెట్టి, "ఊఁ, ఇంక రెండోది తీయండి" అన్నాడు.